ఏమియు లేని బల్లకు తీసిన బొమ్మ

నరసరావుపేటలోని యొక పశువైద్యశాలకు డిజిటల్ ఎక్స్‌రే యంత్రము వచ్చి కొంతకాలమైనదనియు, పల్నాటి రైతులకు దానివలన కలుగుచున్న ప్రయోజనమును గూర్చి పత్రికకు వ్రాయవలసినదనియు సంపాదకులు కోరగా నేనచ్చటికి పోతిని. యంత్రము ఎచ్చట తయారైనది, ఎంత వెలకు కొన్నది, వైద్యశాలలో గదులెన్ని, బల్లలెన్ని అను వివరములన్నియు అచ్చటివారు ఒక కాగితముపై చక్కగా వ్రాసి నా చేతికిచ్చిరి. ఆ కాగితమును నేనిచట వినియోగించుట లేదు. ఏలయన, గడప దాటునంతలోనే వినబడిన యొక గొఱ్ఱెల కాపరి మొఱ నా దృష్టిని యంత్రము మీదినుండి దాని ప్రక్క నిలిచియున్న యొక పెద్దాయన చేతులమీదికి మరలించినది.

“మూడు బొమ్మలు తీశారమ్మా, మూడూ మసకే. మా పొట్టేలు తుంటి ఇరిగిందో జారిందో ఒక్క మాట చెప్పండి. మాచర్ల కాడినుంచి ఆటో కట్టించుకొని వచ్చాం. మళ్ళీ తీస్తే మళ్ళీ డబ్బులు కట్టాలా?”

ఆ ప్రశ్నలో కోపముకంటె దైన్యమే యెక్కువ. పొట్టేలు మాచర్ల జాతిది. ఈ జాతిని కర్నాలులోని జాతీయ పశుజన్యు వనరుల సంస్థ ప్రత్యేకమైన గొఱ్ఱెజాతిగా నమోదు చేసియున్నది. ఎత్తైన, బరువైన జీవము. బల్లమీద పక్కకు పడుకొని, డొక్కలెగురవేయుచు రొప్పుచుండెను. తెరమీది బొమ్మలో నడుమ నిలువుగా ఒక పట్టెమేర మాత్రము ఎముక కనబడుచున్నది. దానికి ఇరుప్రక్కల అంతయు తెల్లగా వెలిసిపోయి, తుంటికీలు ఉండవలసిన చోట ఏమియు తెలియరాకుండెను. వైద్యురాలు చిన్నవయస్సుది, శ్రద్ధ గలది. కిరణములను పట్టు పలకయే చెడినదనియు, హైదరాబాదునుండి కంపెనీ ఇంజనీరును పిలిపింపక తప్పదనియు ఆమె నిశ్చయించుకొన్నట్లు తోచెను.

పెద్దాయన ఫిల్ముల కాలమునాటి టెక్నీషియను. గురజాలలోను నరసరావుపేటలోను మనుష్యుల ఆసుపత్రుల చీకటిగదులలో జీవితము గడపి, విరమణానంతరము ఈ వైద్యశాలకు వచ్చి పోవుచున్నాడు. “అమ్మా డాక్టరుగారూ, పొట్టేల్ని ఒక్కసారి దించుదాం. ఉత్త బల్లకి ఒక బొమ్మ తీద్దాం” అని ఆయన అనగా, ఏమియు లేని బల్లకు బొమ్మ యేల యని కాపరియే కాక నేనును ఆశ్చర్యపడితిని. బల్ల ఖాళీ చేయించి, గదిలోని వారినందరిని వెలుపలికి పంపి, ఆయన బొమ్మ తీసెను. జంతువు లేకున్నను అదే పట్టె, అవే తెల్లని అంచులు. పిమ్మట పలకమీది గ్రిడ్డును తొలగించి మఱల తీయగా, తెర ఒక చివరనుండి మఱియొక చివరకు సమమైన బూడిదరంగుతో నిండెను. పలక నిర్దోషి యని ఆ రెండు బొమ్మలతోనే తేలినది.

గ్రిడ్డు అనగా పలుచని సీసపు రేకులను అంచుపై నిలిపి వరుసగా పేర్చిన పలక. పది సెంటీమీటర్లకు మించి మందమున్న శరీరములోనుండి పోవునపుడు కిరణములు మాంసమునకు తాకి నలుదిక్కుల చెదరును. ఆ చెదరిన కిరణములు బొమ్మను మసకబార్చును. రేకులు కిరణమూలము వైపునకు రవంత వాలియుండుటచేత, సూటిగా వచ్చు కిరణము వాని నడుమనుండి దూరిపోవును, అడ్డముగా వచ్చునది సీసమునకు తాకి ఆగిపోవును. ఈ గ్రిడ్డును తలక్రిందులుగా పెట్టినచో వాలు ఎదురుతిరిగి, నడిమి కిరణములు తప్ప అంచులకు పోవునవన్నియు సూటివైనను ఆగిపోవును. పెద్దాయన గ్రిడ్డును రెండు అరచేతులమధ్య పెట్టి, అంచు వెంబడి బొటనవ్రేలిని మెల్లగా జరుపుచు, చెరిగిపోవుచున్న గుర్తును తడిమి కనుగొని, “ఇదుగో, ఈ గీత గొట్టం వైపు ఉండాలి. తుడిచి పెట్టేటప్పుడు తిరగబడింది” అని చెప్పెను. తుడిచినవాడెవడో అడుగలేదు. తిరుగవేసి తీసిన బొమ్మలో తొడయెముక తల గిన్నెనుండి తొలగి పైకి పోయినట్లు స్పష్టముగా కనబడెను. ఎముక విరుగలేదు. మత్తు ఇచ్చి కీలును స్వస్థానమున కూర్చు పనిలో వైద్యురాలు నిమగ్నమైనది. నాలుగవ బొమ్మకు కాపరి వద్ద రూపాయి తీసికొనలేదు.

బొమ్మ చెడినప్పుడు యంత్రమును నిందించుట ఈనాటి అలవాటు. నేను చూచినంతలో దోషము యంత్రములోకంటె దానికి మునుపే, వెల లేని చిన్నపనులలో నుండును: దూరము కొలువకుండుట, మందము కొలువకుండుట, జంతువు కదలుచుండగా మీట నొక్కుట. పెద్దాయన కిరణగొట్టమునకు ఒక నూలుత్రాటిని కట్టినాడు. వంద సెంటీమీటర్ల వద్ద దానికి ఒక ముడి. ప్రతి బొమ్మకు ముందు ఆ త్రాడు క్రిందికి దిగును, ముడి పలకను తాకవలెను. నూరు సెంటీమీటర్ల దూరము 120 అయినచో పలకను చేరు కిరణముల బలము దాదాపు మూడవవంతు తగ్గిపోవునని ఆయన కాగితముమీద లెక్కవేసి చూపెను. మందమునకు ఇనుప కొలబద్ద యున్నది. సెంటీమీటర్లలో మందమును రెట్టింపు చేసి నలువది కలిపినచో కేవీ, అనగా కిరణగొట్టమునకు ఇచ్చు కిలోవోల్టులు, ఎంత పెట్టవలెనో సుమారుగా వచ్చును. పన్నెండు సెంటీమీటర్లకు అరువదినాలుగు. ఇది పాతకాలపు సూత్రము, ఆరంభమునకు మాత్రమే. తరువాతిది అనుభవము.

ఆ అనుభవము ఎట్టి చోట అలవడినదో తెలిసికొనుటకు రెంటచింతల, గురజాల ప్రాంతపు వేసవిని తలచుకొనవలెను. డెవలపరులో ఫిల్మును 20 డిగ్రీల వద్ద అయిదు నిమిషములు ఉంచవలెనని ఆనాటి కట్టుబాటు. బయట 45 డిగ్రీల ఎండ కాయుచుండగా మిద్దెమీది తొట్టినీరు మధ్యాహ్నమునకే చేయిపెట్టనీయదు. ద్రావణము వేడెక్కినకొలది కాలము తగ్గింపవలెను, ఒక హద్దు దాటిన పిమ్మట ఎంత తగ్గించినను ఫిల్ము నిండ పొగ క్రమ్మును. అందుచేత ఆయన తెల్లవారుజామునే చీకటిగదిలో ప్రవేశించి, మంచుగడ్డలను ద్రావణములో కాక దాని చుట్టునున్న నీటితొట్టిలో వేసి, వ్రేలు ముంచి చూచి, ఉష్ణమాపకము చెప్పకమునుపే వేడిమిని చెప్పగలవాడయ్యెను. ఫిల్ము నిర్దయగా నిజము చెప్పెడిది. కిరణము తక్కువైన తెల్లన, ఎక్కువైన నల్లన. తప్పు చేసినవాని చేతిలోనే తప్పు తడితడిగా వ్రేలాడుచుండెడిది.

డిజిటల్ పలక అట్లు చెప్పదు. తక్కువ కిరణము పడినను తెర తనంతట వెలుగు సరిదిద్దుకొని బొమ్మను చూపును. కాని బొమ్మనిండ ఇసుక చల్లినట్లుండి సన్నని పగుళ్ళు అందులో మునిగిపోవును. ఎక్కువ పడినచో, పలక ఓర్చుకొనగలిగినంతవరకు, బొమ్మ మఱింత నున్నగా, అందముగా వచ్చును! కావున పనివారు తమకు తెలియకయే కిరణములను క్రమముగా పెంచుకొనుచు పోవుదురు. ప్రపంచమంతట డిజిటల్ యంత్రములతో పనిచేయువారు గుర్తించిన దోషమిది. అందమైన బొమ్మకు ఎవరు వెల చెల్లించుచున్నారో తెరమీద కనబడదు. మనుష్యుడైనచో బల్లపై ఒంటరిగా పడుకొని, ఊపిరి బిగబట్టుమనగా బిగబట్టును. పశువునకు ఒకడు తోడుండి పట్టుకొనవలెను. ప్రతి చెడిన బొమ్మకు, ప్రతి మఱుబొమ్మకు, పట్టుకొన్న ఆ చేయి రెండవసారి, మూడవసారి కిరణములలో మునుగును. ఎడిసన్ ప్రయోగశాలలో ఈ కిరణములతో పనిచేసిన క్లారెన్స్ డాలీ చేతులు పుండ్లుపడి, అవి తీసివేయబడి, చివరకు 1904లో మరణించిన సంగతి ఈ విద్య నభ్యసించు వారందరికిని బోధింపవలసినది. మనదేశమున ఈ వృత్తిలోని వారికి అయిదేండ్ల సగటున ఏటికి కిరణమోతాదు 20 మిల్లీసీవర్టులు, సామాన్య జనులకు 1 మిల్లీసీవర్టు అని పరిమితి కలదు. ఎద్దు కాలు పట్టుకొన్న రైతు సామాన్యుడే కదా! సీసపు ఆప్రాను చెదరిన కిరణములకు అడ్డుగాని, సూటిగా వచ్చు కిరణధారకు కాదు. బొమ్మ నాణ్యమును నేను కంటికింపైన విషయముగా ఎంచజాలకుండుటకు కారణమిదియే. మొదటిసారియే సరిగా తీయుట ధర్మము.

మధ్యాహ్నమునకు ఒక ఒంగోలు గిత్త వచ్చినది. బండలాగుడు పందెములకు తీర్చినది. ముందరి కుడికాలు మోపలేకుండెను. రైతు కుమారుడు తానే పలకను గిట్ట ప్రక్కన పట్టుకొనుటకు సిద్ధపడగా, పెద్దాయన అతనిని వారించి, నిలువుగా గాడి కోసిన యొక తుమ్మచెక్క దిమ్మను తెచ్చి పలకను దానిలో నిలబెట్టెను. ఆ దిమ్మ ఆయన స్వయముగా చెక్కినది. తరువాత నేను చూచినది నెమ్మదియైన శుభ్రకార్యము. నాడాలు ఊడదీయించెను, ఇనుము క్రింద ఎముక కనబడదు గనుక. గిట్టల సందున ఎండిన రేగడిమన్నును పుల్లతో గీకి, కడిగి, గుడ్డతో తేమలేకుండ ఒత్తెను. మట్టిపెళ్ళ బొమ్మలో పగులువలె కనబడి వైద్యుని త్రోవ తప్పించునట. పైన ఎవరో పూసిన టింక్చరు అయొడిన్ మరకను సైతము తుడిచివేసెను, అదియు తెల్లని మచ్చయై పడును గనుక. ఫిల్ముల కాలమున చిన్న ఫిల్మును రెండు గిట్టల నడుమ దూర్చెడివారట. ఈ పలక అచ్చట పట్టదు. ప్రక్కనుండి తీసినచో రెండు గిట్టలు ఒకదానిపై నొకటి పడును. అందుచేత ఎదుటినుండి ఒకటి, ఏటవాలుగా ఒకటి తీయుటకు నిర్ణయించెను.

మీటమీద బొటనవ్రేలుంచి ఆయన ఎద్దు బుజమునే చూచుచుండెను. ఈ కిరణములను కనుగొన్న రంట్‌గెన్ తన భార్య చేతిని 1895 డిసెంబరు 22వ తేదీన బొమ్మ తీసినప్పుడు ఆమె చాలసేపు కదలక ఉంచవలసి వచ్చెనని చదివియున్నాను. ఈ నోరులేని జీవమును అట్లు కోరుటకు వీలున్నదా? కేవీని నూటికి పదునైదు పాళ్ళు పెంచి, ఎంఏఎస్‌ను, అనగా గొట్టములోని విద్యుత్ప్రవాహమును కాలముతో గుణింపగా వచ్చు లెక్కను, సగము చేసినచో బొమ్మ నలుపు ఇంచుమించు అంతే యుండి, కిరణము వెలువడు కాలము సగమగును. ఆయన అట్లు చేసెను. ఈగ వ్రాలినది, చర్మము అదరినది, ఆయన వ్రేలు కదలలేదు. గిత్త బరువును ఎడమకాలిమీదికి మార్చి, నిట్టూర్చి, నిలకడగొన్న క్షణమున మీట పడెను. ఒక్కసారియే. లోపలి గిట్టలోని చివరి ఎముకపై వెండ్రుకవాసి పగులు తెలియవచ్చెను.

“శివరాత్రికి కోటప్పకొండ ప్రభకి కడదామనుకున్నాం డాక్టరుగారూ” అని రైతు అనగా, “ఈ ఏడు వద్దు బాబాయ్. మంచి గిట్ట కింద చెక్క అతికిస్తాను, పగిలిందాని మీద బరువు పడదు. వారాల తరబడి కట్టేసి ఉంచాలి” అని వైద్యురాలు చెప్పెను.

సాయంకాలము పెద్దాయన తన పుస్తకమును నాకు చూపెను. అట్టలూడిన లెక్కల పుస్తకము: జంతువు, భాగము, మందము, దూరము, కేవీ, ఎంఏఎస్, చివర బాగు లేక చెడు అని ఒక ముక్క. చెడినవానిని గూడ కొట్టివేయక, కారణముతో వ్రాసియుంచినాడు. ఆ యంత్రములో ముందుగా కూర్చిన పట్టికలో కుక్క, పిల్లి, గుఱ్ఱము కలవు; ఒంగోలు గిత్త లేదు, గేదె లేదు, మాచర్ల పొట్టేలు లేదు. మన పశువుల మేనికి తగిన కొలతలు ఆ యంత్రమునందు కాక ఈ యొక్క మనుష్యుని వ్రాతలో ఉన్నవి, ఆయనకు పిమ్మట దానిని తెరచువాడు ఆ వైద్యశాలలో లేడు. గుంటూరు ప్రక్కన లాం ఫారములో ఒంగోలు జాతిపై పరిశోధన జరుగుచున్నది. గన్నవరమున 1998 నుండి పశువైద్య కళాశాల కలదు. తిరుపతిలో 2005 నుండి పశువైద్య విశ్వవిద్యాలయము కలదు. ఇట్టి పుస్తకములు పల్లెటూళ్ళలోని పాత టెక్నీషియనుల పెట్టెలలో ఎన్ని యున్నవో వెదకి, సరిచూచి, మన జాతులకు ఒక పట్టికను తెలుగులో అచ్చువేయుట ఆ సంస్థల స్థాయికి అల్పమైన పనియు కాదు, భారమైన పనియు కాదు. సంచార పశువైద్య వాహనములకు 1962 అను సంఖ్యకు పిలుపు చేయుచున్న ఈ రోజులలో, పిలిచిన చోటికి వైద్యము వచ్చుచున్నది. దానితో కొలత గూడ రావలెను.

గేదెల పుటలను త్రిప్పితిని. కాళ్ళు, దవడ, తోక యెముకలు ఉన్నవి. పొట్ట అని వ్రాసిన పుటలో గళ్ళన్నియు ఖాళీ. మేతతోపాటు మ్రింగిన తీగముక్క రెండవ కడుపులో దిగబడి గుండెవైపు పొడుచుకొనిపోవుట గేదెలలో తరచు జరుగునది; అది చూపగల బొమ్మయే రైతుకు అన్నిటికంటె అవసరము. “ఈ చిన్న యంత్రానికి ఆ పొట్ట లొంగదు సారూ. తీస్తే ఉత్త తెలుపొస్తది, పట్టుకున్నోడికి కిరణాలు దండగ. నేను తీయను, గన్నవరం తీసకపొమ్మంటాను. పెద్ద మిషనున్నోళ్ళెవరైనా కొలతలు రాసి పంపితే, ఆ గళ్ళు నింపుతాను” అని ఆయన చెప్పి, పెన్సిలుతో ఆ పుట తలపై తన చిరునామా వ్రాసి, నకలు తీసికొమ్మని పుస్తకమును నా చేతికిచ్చెను.