ఆరు డబ్బాల లెక్క

జీతం పడిన మర్నాడు మావారు బ్యాంకు నుంచి 14 వేల రూపాయలు తెచ్చి నా చేతికిస్తారు. సగం వందలు, యాభైలుగా అడిగి మరీ తెమ్మంటాను. వాటిని ఆరు స్టీలు డబ్బాల్లో సర్దుతాను. బియ్యం, పచారీ సామాన్లకు 5,000. పాలకు 1,800. కూరలు, చేపలకు 3,500. అత్తయ్య మందులకు 1,200. బండి పెట్రోలుకు 1,500. అందరి చిల్లర ఖర్చులకు 1,000. ఏ డబ్బాలో ఎంత ఉంటే ఆ నెలకు ఆ ఖర్చు అంతే.

"ఇంకా నోట్లు లెక్కపెట్టుకునేవాళ్ళు ఉన్నారా అక్కా?" అని మా చెల్లెలు ఫోనులో నవ్వుతుంది. ఉన్నామమ్మా. ఎందుకు ఉన్నామో చెబుదామనే ఈ నాలుగు మాటలు.

ముందు మా ఇంటి పరిస్థితి చెప్పాలి. మావారు టెక్కలిలో ఒక గ్రానైట్ యూనిట్లో లెక్కలు రాస్తారు. కోటబొమ్మాళి నుంచి రోజూ బండి మీద వెళ్ళొస్తారు. జీతం 38 వేలు. ఇంటి అప్పు వాయిదా 9,000, విశాఖలో ఇంజినీరింగ్ చదువుతున్న బాబు హాస్టలుకు 7,000, బీమాకు 2,000, కరెంటు, గ్యాసు, ఫోన్లకు 3,000. ఇవి పోగా మిగిలేది 17 వేలు. ఏడాది కిందటి వరకు ఆ 17 వేలలో నెలాఖరుకు వంద రూపాయలు కూడా మిగిలేవి కావు. అలాగని పెద్ద ఖర్చేమీ లేదు. చీర కొనలేదు, ఊరు వెళ్ళలేదు. మరి డబ్బంతా ఏమవుతున్నట్టు?

ఒక ఆదివారం మా అమ్మాయీ నేనూ కూర్చుని మావారి ఫోనులో ఆ నెల చెల్లింపులన్నీ చూసి నోటుబుక్కులో రాశాం. మొత్తం 146. అందులో 91 చెల్లింపులు వంద రూపాయల లోపువే. ఆ చిన్నవి మాత్రమే కూడితే 4,360 రూపాయలు! టీ పదిహేను, బజ్జీలు నలభై, అమ్మాయికి జిరాక్సు ఇరవై, అత్తయ్యకు కొబ్బరిబొండం, ఎవరో స్నేహితుడితో కూల్‌డ్రింకు. "వీటిలో అనవసరం ఏది నాన్నా?" అని మా అమ్మాయి అడిగితే ఆయన చాలాసేపు చూసి "ఏదీ కాదు" అన్నారు. నిజమే, విడివిడిగా చూస్తే దేన్నీ తప్పు పట్టలేం. చిక్కంతా అక్కడే ఉంది. తప్పు కనిపించే ఖర్చయితే ఎవరో ఒకరు ఆపుతారు. కనిపించనిదాన్ని ఆపేదెవరు?

ఆ నోటుబుక్కు చూశాక నాకు ఇంకో సంగతి తోచింది. పెళ్ళయిన కొత్తలో మావారికి జీతం చేతికే ఇచ్చేవారు. కవరు తెచ్చి నాకిచ్చేవారు. ఇంట్లో ఎంత ఉందో, ఎన్నాళ్ళకు వస్తుందో నాకు తెలిసేది. తర్వాత జీతం బ్యాంకులో పడడం మొదలైంది. కరోనా తర్వాత మా ఊళ్ళో టీ కొట్టు దగ్గర్నుంచి కొత్తమ్మతల్లి జాతరలో బొమ్మలమ్మే బండి దాకా స్కానర్ బొమ్మలు వచ్చేశాయి. పాలవాడికీ, కిరాణా కొట్టుకీ ఆయనే ఫోనులో కొట్టేసేవారు. అలా ఇంటి డబ్బు నా చేతిలోంచి ఆయన ఫోనులోకి వెళ్ళిపోయింది. ఆయన లాక్కున్నదీ లేదు, నేను వద్దన్నదీ లేదు. ఎవరూ అనుకోకుండానే జరిగిపోయింది. ఫలితం ఏమిటంటే, ఎంత ఉందో ఆయనకు తెలుసు గానీ ఇంట్లో నూనె ఎప్పుడు అయిపోతుందో తెలియదు. నూనె సంగతి నాకు తెలుసు గానీ ఎంత ఉందో తెలియదు. ఇద్దరి దగ్గరా చెరో సగం లెక్క. సగం సగం లెక్కలతో సంసారం ఎలా పొదుపవుతుంది?

ఇది నా ఒక్కదాని గోడు కాదని సంతలో తెలిసింది. నేను ఎప్పుడూ కూరలు కొనే ముసలామె బుట్ట పక్కన కూడా స్కానర్ అట్ట ఉంది. నేను నోటు తీసి ఇస్తే ఆమె ముఖం విప్పారింది. "నోటే ఇయ్యి తల్లీ. ఆ ఫోను డబ్బులు మా గుంటడి కాతాకి ఎల్లిపోతన్నాయి. పొద్దల్లా అమ్మినా నా సేతికి ఏటీ రాదు" అంది. కొడుకు మంచివాడేనట, అడిగితే ఇస్తాడట. కానీ తను సంపాదించింది తను అడిగి పుచ్చుకోవాలి. ఆ మాట నాలో చాలా రోజులు తిరిగింది.

మన 'డబ్బు' అనే మాట మొదట ఒక రాగి నాణెం పేరు. కాసు, దమ్మిడీ, అణా, బేడ కూడా నాణేల పేర్లే. అంటే మనవాళ్ళకు సొమ్మంటే కంటికి ఆనేది, మూట కట్టేది, కొంగున ముడి వేసుకునేది. తెరమీద అంకెగా మారాక అదే సొమ్ము బరువు తెలియడం మానేసింది. ఇది నా భ్రమ కాదు. అమెరికాలో ఎంఐటీకి చెందిన ప్రెలెక్, సిమెస్టర్ అనే ఇద్దరు ఒక పరీక్ష పెట్టి, దాని ఫలితాలను 2001లో ప్రచురించారు. బాస్కెట్‌బాల్ ఆట టిక్కెట్లకు విద్యార్థుల చేత వేలం పాడించారు. కొందరికి నగదు ఇవ్వాలన్నారు, కొందరికి క్రెడిట్ కార్డుతో కట్టాలన్నారు. అవే టిక్కెట్లకు కార్డువాళ్ళు సగటున రెండింతల దాకా పాడారు! క్రెడిట్ కార్డంటే అప్పు, మన ఫోను చెల్లింపులో మన డబ్బే వెంటనే పోతుంది కదా అనవచ్చు. తేడా ఉంది, ఒప్పుకుంటాను. కానీ రెండింటిలోనూ డబ్బు చేయి దాటుతున్నప్పుడు మనసు చివుక్కుమనడం తక్కువే. ఐదువందల నోటు మార్చడానికి వెనకాడినట్టు, ఐదుసార్లు వంద కొట్టడానికి వెనకాడం.

డబ్బాల పద్ధతి చెప్పగానే ఇంట్లో హారతులు పట్టలేదు. "నా జీతం నేను చీటీ రాసి తీసుకోవాలా?" అన్నారు మావారు. ఎందుకంటే నేను పెట్టిన నియమం ఒక్కటే: ఒక డబ్బాలోంచి ఇంకో దానికి తీస్తే, తీసినవాళ్ళు చీటీ రాసి అందులో వేయాలి. నేనూ రాయాలి. "మీ ఆఫీసులో పెట్టీ క్యాష్‌కి వోచరు రాయరా?" అని అడిగాను. "అక్కడ ఓనరుగారైనా రాయాల్సిందే" అన్నారు అలవాటుగా. ఆ తర్వాత ఆయనకే నవ్వొచ్చింది.

మొదటి నెల చిల్లర డబ్బా 22వ తారీఖుకే ఖాళీ. చీటీలు తీసి చూస్తే పేర్లన్నీ ఉన్నాయి, అత్తయ్య పేరుతో సహా. ఎవరూ ఎవరినీ ఏమీ అనలేదు. మిగతా ఎనిమిది రోజులు మావారు ఫ్లాస్కులో టీ పట్టుకెళ్ళారు, అంతే. రెండో నెల 27కి వచ్చింది. మూడో నెల 80 రూపాయలు మిగిలాయి. కూరల డబ్బాలో అయితే ఇంకో లాభం. కార్తీకంలో చేపలు మానేస్తాం కదా, ఆ మిగులు కళ్ళకు కనిపించింది. ఫోనులో అయితే ఆ మిగులు ఇంకెక్కడో కరిగిపోయేది.

నగదు అంటే అంతా మంచే అనను. 2016 నవంబరు 8 రాత్రి ఐదొందలు, వెయ్యి నోట్లు చెల్లవని ప్రకటించినప్పుడు మా అత్తయ్య పెట్టె అడుగున చీర మడతల్లోంచి పదకొండు ఐదొందల నోట్లు బయటికి తీశారు. మామయ్యగారికి కూడా తెలియని డబ్బు అది. పాలు అమ్మి, పిడకలు అమ్మి దాచుకున్నది. గృహిణులు రెండున్నర లక్షల దాకా వేసుకుంటే ఆరా తీయబోమని అప్పుడు ప్రభుత్వం చెప్పింది. డబ్బు మారింది గానీ ఆమె గుట్టు మాత్రం పోయింది. ఆ సాయంత్రం ఆమె అన్నం తినలేదు. ఇంట్లో ఉన్న డబ్బుకు వడ్డీ రాదు, దొంగభయం ఉంటుంది, ఇలాంటి రోజులూ వస్తాయి. అందుకే నా డబ్బాల్లో ఆ నెలకు సరిపడేదే ఉంటుంది. దాచుకునేది మాత్రం ఖాతాలోనే.

అలాగే 2018 అక్టోబరు 11నీ మా జిల్లావాళ్ళు మరిచిపోరు. తిత్లీ తుఫాను తెల్లవారుజామున పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు నేలకొరిగాయి. కరెంటు స్తంభాలు వరసగా పడిపోయాయి. రోజుల తరబడి దీపం లేదు, ఫోను లేదు. మాకు ఏటీఎం కూడా లేదు. అప్పుడు కొవ్వొత్తులు, పాలపొడి, మంచినీళ్ళు తెచ్చింది పోపుల పెట్టెలో ఉన్న రెండువేల చిల్లరే. అందుకే ఇప్పుడు ఆరు డబ్బాలు కాక, బియ్యం డ్రమ్ములో ఒక కవరులో రెండువేలు వందనోట్లుగా ఎప్పుడూ ఉంటాయి. దాని మీద మా అమ్మాయి 'తిత్లీ' అని రాసింది. దాన్ని ఎవరూ ముట్టుకోరు.

ఇక ఏది ఫోనులో కట్టాలి, ఏది చేత్తో ఇవ్వాలి అంటే, మేం ఇలా విడదీసుకున్నాం. ప్రతి నెలా ఒకే మొత్తం ఉండేవి, రసీదు అవసరమైనవి, దూరానికి పంపేవి ఖాతాలోంచి. వాయిదా, బీమా, కరెంటు, బాబు హాస్టలు అలాంటివి. మనసు మారితే పెరిగేవీ, ఆపితే ఆగేవీ అన్నీ నగదులో. చిల్లర దొరకడం మాత్రం ఇబ్బందే. కొట్టువాళ్ళు చాక్లెట్లు చేతిలో పెడతారు. అందుకే మా ఇంట్లో ఒక గిన్నెలో నాణేలు విడిగా ఉంటాయి.

మిగిలిన ఆ 3,000 ఏమవుతుందని అడుగుతారేమో. జీతం పడ్డ మర్నాడే, డబ్బాలు సర్దకముందే, పోస్టాఫీసు రికరింగ్ డిపాజిట్‌కి వెళ్ళిపోతుంది. నెలకు వంద రూపాయలతోనైనా ఆ ఖాతా మొదలుపెట్టొచ్చు. నెల్లూరులో సారా ఉద్యమం తర్వాత ఆడవాళ్ళు రోజుకు రూపాయి చొప్పున 'పొదుపులక్ష్మి' కట్టారు కదా, వాళ్ళు నేర్పిన పాఠం ఇదే. ఖర్చు పోగా మిగిలింది దాచడం కాదు, దాచగా మిగిలింది ఖర్చు పెట్టడం. ఎనిమిది నెలలకు ఖాతాలో 24,000, డబ్బాల అడుగున మిగిలినవి 2,600.

బాబు ఇంజినీరింగ్‌లో చేరినప్పుడు నా గొలుసు బ్యాంకులో తాకట్టు పెట్టాం. విడిపించడానికి ఏడాదిన్నర పట్టింది. వచ్చే జూన్‌లో ఇంటరు ముగించి అమ్మాయి హాస్టలుకు వెళ్తుంది. మొదట్లో కట్టాల్సిన డబ్బు ఇప్పుడు కూడుతున్నదాంతో సరిపోతుందని మొన్న లెక్క చూసుకున్నాం. ఆ లెక్క చూసింది మావారొక్కరే కాదు, నేనొక్కదాన్నే కాదు. అత్తయ్యతో సహా నలుగురం కూర్చుని చూశాం. మిగిలిన రూపాయల కంటే నాకు అదే ఎక్కువ అనిపించింది. గొలుసు ఈసారి బ్యాంకు మెట్లెక్కదు.