జిద్దా గుడారాలు – ఒక పాత ఫోటో

జిద్దాలో దిగే హాజీలకు అరబ్బు నేల మీద మొట్టమొదట ఎదురయ్యేది తెల్లని గుడారాల బారు. విమానం క్రిందికి వంగుతున్నప్పుడు కిటికీ పక్కన కూర్చున్నవారికి అవి ఎడారి అంచున వరుసగా నిలిచి కనిపిస్తాయి. మినాలోని గుడారాలు ఇక్కడి నుంచే మొదలయ్యాయా అనిపిస్తుంది. దగ్గరకు వెళ్ళి తలెత్తి చూస్తే తప్ప వాటి పరిమాణం అంతుబట్టదు.

కింగ్ అబ్దుల్ అజీజ్ అంతర్జాతీయ విమానాశ్రయంలో భాగమైన ఈ హజ్ టెర్మినల్ 1981లో ప్రారంభమైంది. మొత్తం 210 గుడారాలు. ఒక్కొక్కటి దాదాపు 45 మీటర్ల చదరం. నూలుతోనో తోలుతోనో చేసినవి కావవి. గాజునారతో నేసి, టెఫ్లాన్ పూత పూసిన వస్త్రాన్ని ఎత్తైన ఉక్కు స్తంభాల మధ్య తీగలతో బిగించి కట్టారు. ఎండలో అధిక భాగాన్ని ఆ తెల్లని వస్త్రం వెనక్కు పంపివేస్తుంది. వేడెక్కిన గాలి పైకి లేచి శిఖరం వద్ద ఉన్న రంధ్రం గుండా వెలుపలికి పోతుంది. ప్రక్కలకు గోడలు లేవు గనుక చల్లని గాలి లోపలికి వస్తుంది. వేలాది మంది బస్సుల కోసం గంటల తరబడి నిరీక్షించే చోటును యంత్రాలతో చల్లబరచకుండానే నివాసయోగ్యం చేశారు. దీని నిర్మాణ రూపకల్పనలో ప్రధాన పాత్ర వహించిన ఇంజనీరు ఫజ్లుర్ రహమాన్ ఖాన్ 1929లో ఢాకాలో జన్మించారు. షికాగోలోని సియర్స్ టవర్‌కు నిర్మాణ పద్ధతిని సమకూర్చినవారు కూడా ఆయనే. టెర్మినల్ ప్రారంభమైన మరుసటి యేడు, 1982లో, ఆయన జిద్దాలోనే కన్నుమూశారు. 1983లో ఈ నిర్మాణానికి ఆగాఖాన్ వాస్తుశిల్ప పురస్కారం లభించింది.

హాజీల బృందానికి తోడుగా వెళ్ళే అవకాశం అల్లాహ్ దయవల్ల నాకు కొన్ని పర్యాయాలు కలిగింది. ఆ గుడారాల నీడలో కూర్చున్న గంటలే నాకు ఒక కొత్త విద్యను పరిచయం చేశాయి. మా మదరసాలో చదివి, ఆపై సాంకేతిక విద్య పూర్తిచేసిన ఒక శిష్యుడు ఆ విమానాశ్రయంలోనే సామాను విభాగంలో ఉద్యోగం చేస్తున్నాడు. ఒక రాత్రి మా బస్సు ఆలస్యమైనప్పుడు టీ తీసుకుని వచ్చి మా పక్కన కూర్చున్నాడు. బృందంలోని ఒక వృద్ధుడు, “మనం వచ్చింది ఏ విమానం నాయనా?” అని అడిగారు. మరొకరు, “పచ్చ తోక విమానం” అని బదులిచ్చారు.

శిష్యుడు నా వైపు తిరిగి ఇలా అన్నాడు: “ఉస్తాద్, రంగును చూసి చెప్పకూడదు. హజ్ రోజుల్లో ఎన్నో విమానాలు అద్దెకు వస్తాయి. ఒక దేశపు విమానం మరొక దేశం పేరు మీద ఎగురుతుంది. రంగు సంస్థను చెబుతుంది. విమానం ఏదో చెప్పేది దాని శరీరం.”

అక్షరాభ్యాసం చేయించేవాడికి ఈ మాట వెంటనే అర్థమవుతుంది. అరబీలో బే, తే, సే అనే మూడక్షరాల దేహం ఒకటే. చుక్క ఎక్కడ ఉంది, ఎన్ని ఉన్నాయి అన్నదే వాటిని వేరుచేస్తుంది. చుక్కలు పెట్టే అలవాటు స్థిరపడక ముందు రాసిన ప్రతులను చదివేవారు అక్షరపు వంపును, పదంలో దాని స్థానాన్ని, ముందువెనుకల అర్థాన్ని కలిపి నిర్ణయించేవారు. విమానాల విషయమూ అంతే. దూరం నుంచి అన్నీ ఒకే గొట్టం, రెండు రెక్కలు. చుక్కలు ఎక్కడున్నాయో తెలిసినవాడికి మాత్రం ఒక్కొక్కటీ వేరు.

ఆ రాత్రి అతను చెప్పిన వాటిలో కొన్నింటిని పాఠకుల కోసం ఇక్కడ పొందుపరుస్తున్నాను. మన పిల్లలు గల్ఫ్‌కు వెళ్ళేటప్పుడు ఎక్కువగా చూసే చిన్న విమానాలు రెండు: బోయింగ్ 737, ఎయిర్‌బస్ ఏ320. మొదటిదానికి నిటారుగా లేచిన తోక మొదట్లో, వీపు మీద, ముందుకు సాగిన ఒక త్రికోణపు మెట్టు ఉంటుంది. రెండవదాని తోక వీపు నుంచి నేరుగా లేస్తుంది. 737 ఇంజిన్ల నోరు క్రింది వైపు కొంచెం అణిగి ఉంటుంది. అది ఎగిరిన తరువాత క్రింది నుంచి చూస్తే, ముడిచిన చక్రాలు మూత లేకుండా రెండు నల్లని వలయాలుగా కనిపిస్తాయి. ఏ320 చక్రాలను తలుపులు పూర్తిగా మూసివేస్తాయి.

పెద్ద విమానాలలో వీపు ముందుభాగం మూపురంలా ఉబ్బి, నాలుగు ఇంజిన్లు ఉంటే అది 747, మన వాళ్ళు జంబో అనేది. ఆ మూపురం పొట్టిగా ఉంటే పాత రకం. పొడవుగా ఉండి, రెక్కల కొనలు పైకి నిలిచి ఉంటే 1989లో సేవలోకి వచ్చిన 400 రకం. మూపురం తోక దాకా సాగి రెండు పూర్తి అంతస్తులైతే అది ఏ380. రెండే ఇంజిన్లుండి, ఒక్కొక్క ప్రధాన కాలికి ఆరేసి చక్రాలుంటే 777 కావచ్చు. అయితే ఏ350లో పొడవైన రకానికీ ఆరే చక్రాలుంటాయి. కాబట్టి అంతటితో ఆగక తోక చివరను చూడాలి: 777 శరీరం చివర పలుచని కత్తి అంచులా ముగుస్తుంది. ఏ350కి పైలట్ ముందున్న అద్దాల చుట్టూ నల్లని పట్టీ ఉంటుంది. ఒక సాక్షి మాట మీద తీర్పు చెప్పకూడదన్న నియమం ఇక్కడా వర్తిస్తుంది. అన్నిటికంటే బలమైన సాక్ష్యం శరీరం వెనుకభాగాన రాసిన నమోదు సంఖ్య. భారతదేశపు విమానమైతే అది వీటీ అక్షరాలతో, సౌదీది హెచ్‌జెడ్‌తో, ఎమిరేట్స్‌ది ఏ6తో, ఖతర్‌ది ఏ7తో మొదలవుతుంది. ఆ సంఖ్య స్పష్టంగా కనిపిస్తే ఆ ఒక్క విమానపు చరిత్రనంతా వెలికితీయవచ్చు.

ఇదంతా కాలక్షేపపు విద్యగానే ఉండిపోయేది. కానీ రాయచోటి ప్రాంతానికి చెందిన ఒక కుటుంబంలో ఇదే విద్య అవసరమైంది.

ఆ ప్రాంతం నుంచి కువైట్‌కు వెళ్ళి బ్రతుకు వెళ్ళదీసుకున్నవారు లెక్కలేనంత మంది. ఆ కుటుంబపు పెద్ద కూడా 1979 నుంచి ఎనిమిదేళ్ళు అక్కడ దర్జీ పని చేశారు. అంతకుముందు, 1973లో, బొంబాయి నుంచి ఓడలో వెళ్ళి తన హజ్‌ను నెరవేర్చుకున్నారు. 1980లో ఆయన తల్లి మరణించారు. హజ్‌కు వెళ్ళే స్థోమత కలిగిన తరువాత మంచాన పడి, ఆ విధిని తీర్చుకోలేకపోయిన ఆ తల్లికి, “అమ్మా, నీ తరఫున నేను చేస్తాను” అని కుమారుడు మాటిచ్చారు. దాన్నే హజ్జె బదల్ అంటాము. 1988లో ఆయన కూడా లోకం విడిచారు. అప్పటికి పిల్లలు చిన్నవారు. ఆ మాట చెల్లిందో లేదో ఇంట్లో ఎవరికీ రూఢిగా తెలియదు. మిగిలింది ఒక ఫోటో. రంగులు వెలిసి గోధుమ వర్ణానికి తిరిగిన ఆ ఫోటోలో ఆయన మామూలు చొక్కాతో నిలబడి ఉన్నారు. వెనుక ఒక విమానపు వెనుకభాగం, ఒక రెక్క.

ఇద్దరు కుమారుల మధ్య ఈ ఫోటో ఏళ్ళ తరబడి వివాదమై నిలిచింది. “మౌల్వీ సాబ్, ఇది కువైట్. అబ్బా సెలవు మీద ఇంటికి వస్తూ దిగింది. వెనుక ఉన్నది ఆ రోజుల్లో కువైట్ వాళ్ళు నడిపిన 727. ఒంటి మీద ఇహ్రామ్ కూడా లేదు. దాదీ అప్పు అబ్బా మీద అలాగే ఉండిపోయింది” అని పెద్దవాడి వాదన. “లేదు, అది సౌదీ జంబో. అబ్బా మాట తప్పే మనిషి కాదు” అని చిన్నవాడి పట్టుదల. మాట పెరిగి, పండుగ రోజున కూడా ఒకరి గడప ఒకరు తొక్కని స్థితి వచ్చింది. చిన్నవాడు ఆ ఫోటోను నా ముందు పెట్టి, “మీరు చూసి చెప్పండి, ఇద్దరం ఒప్పుకుంటాం” అన్నాడు.

ఆ ఫోటో చుక్కలు చెరిగిపోయిన అక్షరం వంటిది. రంగు లేదు, సంస్థ పేరు లేదు, నమోదు సంఖ్య ఫోటో అంచులో తెగిపోయింది. దేహం మాత్రం మిగిలింది. రెక్క క్రింద ఒక ఇంజిను వేలాడుతున్నది. తోక మొదట్లో వీపు మీద మరొక ఇంజిను నోరు కనిపిస్తున్నది. 727కు కూడా మూడు ఇంజిన్లే. కానీ మూడూ వెనుకనే ఉంటాయి, రెక్కల క్రింద ఏమీ ఉండదు. కాబట్టి పెద్దవాడు చెప్పినది కాదు. జంబోకు తోకలో ఇంజిను ఉండదు. కాబట్టి చిన్నవాడు చెప్పినదీ కాదు.

రెక్కల క్రింద రెండు, తోకలో ఒకటి – ఇలాంటి విశాలమైన విమానాలు ఆ రోజుల్లో ప్రధానంగా రెండు రకాలు. మెక్‌డొనెల్ డగ్లస్ వారి డీసీ-10లో తోక ఇంజిను ఒక తిన్నని గొట్టంలా, శరీరానికి పైన, నిలువు తోక మధ్యలో దూరినట్టు ఉంటుంది. దాని ముందు నోరు, వెనుక నోరు ఒకే వరుసలో కనిపిస్తాయి. లాక్‌హీడ్ వారి ట్రైస్టార్‌లో గాలి తోక మొదట్లోని నోటి గుండా ప్రవేశించి, పాములా క్రిందికి వంగి, శరీరం చిట్టచివర ఉన్న ఇంజినుకు చేరుతుంది. ఫోటోలో నోరు పైన, నిర్గమనం క్రింద, తోక చివర ఉన్నాయి. అది ట్రైస్టార్. 1972లో సేవలోకి వచ్చిన ఈ విమానాలు మొత్తం 250 మాత్రమే తయారయ్యాయి. సౌదియా వాటిని 1975 నుంచి నడిపింది. గల్ఫ్ ఎయిర్ వద్ద, జోర్డాన్ వారి అలియా వద్ద కూడా అవి ఉండేవి. కాబట్టి విమానం పేరు తేలింది గాని చోటు తేలలేదు. ఈ ఒక్క ఆధారంతో “ఇది జిద్దాయే” అనడం సాక్షి చూడనిదాన్ని చెప్పినట్టవుతుంది.

చోటును చెప్పింది ఫోటో అంచు. రెక్క క్రింది సందులో, దూరంగా, సమాన దూరాల్లో కొన్ని తెల్లని కొనలు లేచి ఉన్నాయి. ఇన్నేళ్ళూ ఇంట్లో వారు వాటిని మబ్బులనుకున్నారు. మబ్బులు ఒకే ఎత్తున, ఒకే దూరంలో వరుస కట్టవు. భూతద్దం పెట్టి చూస్తే కొనల మధ్య వస్త్రం జారిన వంపు, దానిని పట్టి నిలిపిన స్తంభాలు కనిపించాయి. ఆ నీడలో గంటలు గడిపిన కన్నుకు అవి పరిచయమైనవే. గుడారాలు ఉన్నాయంటే చోటు జిద్దా. కాలం 1981కి ముందు కాదు. 1973 నాటి ఓడ ప్రయాణానికి ఈ ఫోటోతో సంబంధం లేదు. తల్లి మరణించిన తరువాత, తాను మరణించకముందు, ఆయన హజ్ టెర్మినల్ దగ్గర నిలబడ్డారు. ఇహ్రామ్ లేదన్న అభ్యంతరానికి కూడా సమాధానం ఉన్నది: హజ్ ముగించి తిరిగి వెళ్ళేవాడు మామూలు దుస్తుల్లోనే ఉంటాడు.

అన్నదమ్ములిద్దరినీ ఎదురెదురుగా కూర్చోబెట్టి ఇంతవరకే చెప్పాను. ఆయన ఎవరి తరఫున సంకల్పం చేసుకున్నారో ఫోటో చెప్పదు. సంకల్పానికి రూపం లేదు. అది ఆయనకూ అల్లాహ్‌కూ మధ్య ఉన్నది. కానీ గతించినవారి పట్ల మంచి తలంపు కలిగి ఉండటానికి ఇప్పుడు బలమైన ఆధారం దొరికింది. పెద్దవాడు చాలాసేపు ఫోటోను చేతిలో పట్టుకుని కూర్చున్నాడు. తరువాత తమ్ముడితో, “వీలు చిక్కితే దాదీ పేరున ఒకరిని పంపుదాం లేరా. అప్పు తీర్చడానికని కాదు. మన తరఫున కానుక” అన్నాడు. ఆ రంజాన్ పండుగకు ఇద్దరూ ఒకే ఇంట్లో సేమియా తిన్నారని విన్నాను.

నేడు మన హాజీలు శంషాబాద్ నుంచి నేరుగా విమానమెక్కుతున్నారు. బొంబాయి ఓడ 1995లోనే ఆగిపోయింది. ట్రైస్టార్ ప్రయాణికులను మోయడం ఏనాడో మానివేసింది. జిద్దాలో గుడారాలు మాత్రం నిలిచి ఉన్నాయి. ప్రతి చేతిలో ఫోను ఉన్నది, ప్రతి ఫోనులో వేల ఫోటోలు ఉన్నాయి. కానీ ముప్పై ఏళ్ళ తరువాత వాటిని చూసే మనవడికి అవి ఏమి చెబుతాయి? ముఖాన్ని మాత్రమే దగ్గరగా తీసిన ఫోటో ముఖాన్నే చెబుతుంది. నాలుగడుగులు వెనక్కు జరిగి, వెనుకనున్న కట్టడాన్నో విమానపు తోకనో కూడా చేర్చి తీయండి. ఒక మంచి ఫోటోను కాగితం మీద అచ్చు వేయించండి. దాని వెనుక నాలుగు మాటలు రాయండి: ఎవరు, ఎక్కడ, ఎప్పుడు, ఎవరి తరఫున. ఇంట్లో పాత ఫోటోల పెట్టె ఉంటే, వాటిని గుర్తుపట్టగల పెద్దలు మన మధ్య ఉండగానే దానిని వారి ముందు తెరవండి.