అవ్వ వేలు, సైబర్‌పంక్ కథలు



మా హాస్టల్ రూములో ఆరుగురం. ఆరుగురమూ ఇంట్లో మొదటిసారి కాలేజీ గడప తొక్కినోళ్లమే. మొన్న ఆదివారం ఒక్క ఫోన్ గోడకి ఆనించి ‘బ్లేడ్ రన్నర్’ సినిమా చూశాం. 1982లో వచ్చింది. పైన కార్లు ఎగురుతుంటాయి, కింద వీధిలో జనం వానలో తడుస్తుంటారు. "ఇంత టెక్నాలజీ వచ్చినా పేదోడు పేదోడేనా?" అన్నాడు మాలో ఒకడు. ఆ మాట పట్టుకుని వెతకడం మొదలుపెట్టాం.

ఇలాంటి కథల్ని సైబర్‌పంక్ అంటారు. మొదట అది బ్రూస్ బెత్కీ అనే అమెరికా రచయిత రాసిన ఒక కథ పేరు. 1983లో అచ్చయింది. మరుసటి ఏడాదే విలియం గిబ్సన్ నవల ‘న్యూరోమాన్సర్’ వచ్చి హ్యూగో, నెబ్యులా, ఫిలిప్ కె. డిక్ అవార్డులు మూడూ గెలిచింది. కంప్యూటర్ల లోకం మీద రాసిన ఆ నవలని ఆయన మామూలు టైపు మిషన్ మీద కొట్టాడు! పాత సైన్స్ ఫిక్షన్‌లో ఎక్కువగా శాస్త్రవేత్తలు, వ్యోమగాములు హీరోలు. ఇక్కడ హ్యాకర్లు, చిల్లర దొంగలు, బతుకు చెడినోళ్లు. ప్రభుత్వాల కన్నా కంపెనీలదే పెత్తనం. 1986లో బ్రూస్ స్టెర్లింగ్ ‘మిర్రర్‌షేడ్స్’ అనే కథల సంకలనం తెచ్చాడు. జపాన్ నుంచి 1988లో ‘అకిరా’, 1995లో ‘ఘోస్ట్ ఇన్ ది షెల్’ సినిమాలు వచ్చాయి. 1999లో ‘మేట్రిక్స్’తో ప్రపంచమంతా పాకింది.

ఇదంతా మనకెందుకు అంటారా? మాలో ఒకడి అవ్వ జీడిపిక్కలు ఒలిచి ఒలిచి వేళ్ల గీతలు అరగదీసుకుంది. ఓ నెల డిపోలో మిషన్ ఆమె వేలు పట్టలేదు. సిగ్నల్ కోసం మిషన్ని గుట్ట మీదికి తీసుకెళ్లారు, అవ్వ కూడా వెనకే ఎక్కింది. అయినా పడలేదు. ఊరంతా ఎరిగిన మనిషిని మిషన్ ఎరగనంది. ఖాళీ సంచితో దిగొచ్చింది.

ఆ రాత్రి రూములో గొడవయింది. "అలాంటి మిషన్ల చదువు మనకెందుకురా?" అని ఒకడు. "అందుకే కావాలి, ఆ మిషన్ చేసినోడికి మన అవ్వ చేతులు తెలీవు" అని కంప్యూటర్స్ చదివేవాడు. ఇద్దరి మాటా కొట్టేయలేకపోయాం.

మేం చదివినంతలో సైబర్‌పంక్‌లో మహానగరాల కింది వీధులే కనిపించాయి. కొండ మీది గూడెం కనిపించలేదు. అది మనమే రాయాలి. మేం అవ్వతో మొదలుపెట్టాం. మీ ఊరి సంగతి మీరు రాయండి, మన భాషల్లో అయినా సరే.