మే నెలలో నిలిచే బోర్డు

మొన్న మా అక్క కొడుకు బెల్లంపల్లి నుంచి ఫోను చేశాడు. వాడు ఇంజనీరింగు మూడో సంవత్సరం చదువుతున్నాడు. రెండేళ్లుగా పిల్లలకు ట్యూషన్లు చెప్పి కూడబెట్టుకున్న డబ్బుతో, ఆటల కోసం ఒక మంచి కంప్యూటరును విడిభాగాలు తెచ్చి తనే కూర్చుకోవాలని వాడి కోరిక. ప్రాసెసరు నిర్ణయించుకున్నాడు. గ్రాఫిక్స్ కార్డు నిర్ణయించుకున్నాడు. చివరికి మిగిలిన డబ్బు లెక్క చూసుకుని, "మామా, ఇగ బోర్డు ఏదైతేంది? చౌకల ఒకటి చెప్పు. ఓవర్‌క్లాకింగ్ గూడ చేస్త" అన్నాడు.

ఆ "ఏదైతేంది" అన్న మాట దగ్గర నేను ఆగిపోయాను. రెండు దశాబ్దాల క్రితం అదే ఊళ్లో, దాదాపు ఆ వయసులోనే నేనూ ఆ మాట అనుకున్నాను. సాయంత్రం చెప్తానని ఫోను పెట్టేశాను గానీ, ఆ పూటంతా ఇంకో పని చేయలేకపోయాను.

మా బాపు సింగరేణిలో టింబర్‌మ్యాన్. శాంతిఖని గనిలో పనిచేసేవాడు. బొగ్గు తీసిన చోట పైకప్పు కూలకుండా సపోర్టులు నిలబెట్టడం ఆయన పని. బొగ్గు ఎత్తేవాళ్లకు టబ్బుల లెక్క ఉంటుంది. సపోర్టు పెట్టేవాడికి చూపించుకోవడానికి అలాంటి లెక్కేదీ లేదు. కప్పు కూలకపోవడమే ఆయన చేసిన పని. కట్టెతో పైకప్పును తట్టి, వచ్చే చప్పుడును బట్టి రాయి గట్టిగా ఉందో, పొర విడిందో చెప్పగలిగేవాడు. "కట్టె విరిగే ముందుగాల చెప్తది. వినేటోడు వినాలె" అనేవాడు. భారం మితిమీరినప్పుడు కట్టె సపోర్టు పెళపెళమని చప్పుడు చేస్తుందట. ఆ చప్పుడు విని మనిషి పక్కకు తప్పుకోవాలి.

2003లో ఆయన పీఎఫ్ మీద అప్పు తీసుకుని నాకు కంప్యూటరు కొనిపెట్టాడు. ఇద్దరమూ భాగ్యనగర్ ఎక్స్‌ప్రెస్‌లో సికింద్రాబాదు వెళ్లి, పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో రోజంతా తిరిగాం. ఏఎండీ వారి అథ్లాన్ ఎక్స్‌పీ 2500+ ప్రాసెసరు తీసుకున్నాను. మదర్‌బోర్డు మాత్రం దొరికినవాటిలో చౌకది తీసుకుని, మిగిలిన డబ్బును గ్రాఫిక్స్ కార్డులో పెట్టాను. ఆటలో కనిపించేది కార్డే గదా, బోర్డు ఏదైతేనేం అని నా లెక్క.

ఆ ప్రాసెసరు గురించి ఆ రోజుల్లో కుర్రాళ్లందరికీ తెలిసిన రహస్యం ఒకటుంది. బయోసులోకి వెళ్లి బస్సు వేగాన్ని 166 నుంచి 200 మెగాహెర్ట్జ్‌కు మారిస్తే, 1833 మెగాహెర్ట్జ్ మీద నడవవలసిన చిప్పు 2200 మీద నడుస్తుంది. అంటే ఎంతో ఖరీదైన 3200+ ప్రాసెసరు వేగం ఉచితంగా వచ్చినట్లే. నేనూ మార్చాను, నడిచింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

2004 మే వచ్చింది. బెల్లంపల్లి ఎండ సంగతి తెలిసినవాళ్లకు చెప్పనక్కరలేదు. 45 డిగ్రీలు మాకు వింత కాదు. ఆ మార్చిలో విడుదలైన ఫార్ క్రై ఆట అప్పుడే నా చేతికి వచ్చింది. అరగంట ఆడగానే కంప్యూటరు బిగుసుకుపోయేది. తరువాత నీలి తెర వచ్చేది. ఆ తరువాత దానంతట అదే ఆగి మళ్లీ మొదలయ్యేది. మూడు వారాలపాటు అది చెబుతూనే ఉంది. నేను పెట్టె పక్క రేకు విప్పి, టేబులు ఫ్యాను పెట్టి, ఆడుతూనే ఉన్నాను. ఒక మధ్యాహ్నం కాలిన వాసన వచ్చి ఆగిపోయింది. మళ్లీ వెలగలేదు.

మొదటి షిఫ్టు నుంచి వచ్చిన బాపు స్నానం చేసి, స్క్రూడ్రైవరు తెచ్చి నా పక్కన కూర్చున్నాడు. ఆయనకు కంప్యూటరు గురించి ఏమీ తెలియదు. అయినా ప్రాసెసరు పక్కన వరుసగా ఉన్న చిన్న చిన్న డబ్బాల్లాంటి కెపాసిటర్ల దగ్గర ఆయన చూపు ఆగింది. అన్నింటి తలలూ చదునుగా ఉండాలి. నాలుగింటి తలలు పూరీల్లా ఉబ్బి ఉన్నాయి. ఒకదాని మీద గోధుమరంగు ద్రవం కారి ఎండిపోయింది. ఆయన వాటిని వేలితో మెల్లగా తాకి, "దీని మీద బరువు ఎక్కువేసినవా బిడ్డా?" అని అడిగాడు.

"లేదు బాపూ, కరెంటు ఎక్కువొచ్చింది" అన్నాను.

ఆయన నా మొహంలోకి ఒకసారి చూసి, రేకు బిగించి లేచిపోయాడు. సెలవు రోజున గనిలోకి దిగితే అదనపు జీతం వస్తుంది. దాన్ని మా దగ్గర ప్లేడే అంటారు. ఆ జూన్‌లో నాలుగు ఆదివారాలూ ఆయన గనిలోకి దిగాడు. జూలైలో నాకు కొత్త బోర్డు వచ్చింది.

ఆ నాలుగు ఆదివారాల తరువాతే నేను బోర్డుల గురించి నిజంగా చదవడం మొదలుపెట్టాను.

ఆ కాలంలో నాసిరకం ద్రవంతో తయారైన కెపాసిటర్లు ప్రపంచమంతటా బోర్డులను చంపాయి. అందులో నా తప్పు కొంతే. కానీ ఎలక్ట్రోలైట్ కెపాసిటరు వేడి 10 డిగ్రీలు పెరిగితే దాని ఆయుష్షు సుమారు సగమవుతుంది. ఆ వేడిని పెంచింది నేనే. ఇప్పటి మంచి బోర్డుల్లో ప్రాసెసరు చుట్టూ ఘన పాలిమర్ కెపాసిటర్లు ఉంటాయి గనుక ఆ ఉబ్బు అరుదైంది. భారం సూత్రం మాత్రం మారలేదు.

పవర్ సప్లై ఇచ్చే 12 వోల్టులను ప్రాసెసరుకు కావలసిన ఒకటింపావు వోల్టు ప్రాంతానికి దించే విభాగాన్ని వీఆర్ఎమ్ అంటారు. ప్రాసెసరు 200 వాట్లు తీసుకుంటూ ఉంటే, ఆ వోల్టేజీ దగ్గర 160 ఆంపియర్లు దాని గుండా పోవాలి. వేగాన్ని 10 శాతం పెంచి, అందుకోసం వోల్టేజీని కూడా 10 శాతం పెంచితే, శక్తి వాడకం పెరిగేది 10 శాతం కాదు, దాదాపు 33 శాతం. వోల్టేజీ వర్గానికి అనుగుణంగా అది పెరుగుతుంది మరి. ఆ అదనపు భారమంతా మోయవలసింది బోర్డే. బోర్డును ఎంచుకోవడమంటే, ప్రాసెసరుకు సపోర్టు పెట్టేవాణ్ణి ఎంచుకోవడమన్నమాట.

సాయంత్రం ఫోను చేసి అల్లుడికి చెప్పిన మాటలు ఇవీ.

మొదట చిప్‌సెట్ చూడు. ఇంటెల్‌లో ప్రాసెసరు వేగం పెంచాలంటే కె అక్షరం ఉన్న ప్రాసెసరూ, జడ్ రకం చిప్‌సెట్టూ రెండూ కావాలి. ఏఎండీలో బి650, ఎక్స్670 వంటి బి, ఎక్స్ రకాలు చాలు. ఏ620లో ప్రాసెసరు వేగం పెంచే వీలు లేదు.

తరువాత వీఆర్ఎమ్ మీద లోహపు హీట్‌సింకు ఉందా, బరువుగా ఉందా, లేక అలంకారపు ప్లాస్టిక్ తొడుగా అని చూడు. డబ్బా మీద రాసే ఫేజుల సంఖ్యను నమ్మకు. భారం కింద ఆ భాగం ఎంత వేడెక్కిందో కొలిచి చూపిన పరీక్షలను నమ్ము. అవి కూడా సాధారణంగా చల్లని గదిలో చేసినవి. బెల్లంపల్లి గది 40 డిగ్రీలుంటే, వాళ్లు చూపిన అంకెకు ఇంకో 15, 20 డిగ్రీలు కలుపుకో. రంగురంగుల దీపాలు ఏ భారమూ మోయవు.

బోర్డు తనంతట తాను ఎక్కువ వోల్టేజీ ఇవ్వకుండా చూసుకో. 2023లో కొన్ని రైజెన్ 7000 ఎక్స్‌త్రీడీ ప్రాసెసర్లు బోర్డు మీదే మాడిపోయాక, ఏఎండీ ఎస్ఓసీ వోల్టేజీకి 1.3 దగ్గర హద్దు పెట్టించింది. 2024లో ఇంటెల్ 13, 14 తరాల డెస్క్‌టాప్ ప్రాసెసర్లు అస్థిరమైనప్పుడు, అవసరానికి మించిన వోల్టేజీయే మూలమని ఆ సంస్థే తేల్చి, ఆగస్టులో మైక్రోకోడు సవరణ విడుదల చేసి, వారంటీని రెండేళ్లు పెంచింది. అప్పటికే దెబ్బతిన్న చిప్పును మాత్రం ఆ సవరణ బాగుచేయలేదు. కనుక పెట్టె బిగించగానే మొదటి పని బయోసును తాజా చేయడం. ప్రాసెసరు లేకుండానే బయోసు మార్చుకునే బటను ఉన్న బోర్డయితే మేలు. మెమరీ కొనేముందు తయారీదారు పరీక్షించిన మెమరీల జాబితా చూడు. వారంటీకి పంపాలంటే ఎక్కడికి పంపాలో కూడా కొనకముందే అడుగు. మన ఊరి నుంచి హైదరాబాదు దాదాపు 250 కిలోమీటర్లు.

ఇక దుమ్ము. మన ఊళ్లో బొగ్గు దుమ్ము హీట్‌సింకు సందుల్లో పేరుకుని గాలికి అడ్డం పడుతుంది. రెండు నెలలకొకసారి పెట్టె విప్పి శుభ్రం చేయి.

వాడు అంతా విని, "మరి ఓవర్‌క్లాకింగ్ చెయ్యాల్నా వద్దా మామా?" అన్నాడు. చేయొద్దని నేను అనలేదు. ఇప్పటి ప్రాసెసర్లు తమ హద్దు దాకా తామే పరుగెడతాయి, మనకు మిగిలేది కొంచెమే. వోల్టేజీని కాస్త తగ్గించి అదే వేగం నిలిచేట్టు చూసుకోవడంలో ఇప్పుడు ఎక్కువ నేర్పు ఉంది. పెంచాలనుకుంటే చలికాలంలో కాదు, మే మధ్యాహ్నం పరీక్షించు అన్నాను. ఒక్కసారి బిగుసుకుపోయినా ఫ్యాను పెట్టి ఆడకు, వేగం దించు అన్నాను.

వాడు అనుకున్న బోర్డుకూ, నేను చెప్పినదానికీ ధరలో తేడా ఉంది. ఆ తేడా నేను పంపించాను. "నువ్వెందుకు మామా?" అన్నాడు. తాత ఇచ్చిండనుకో అన్నాను. వాడు నవ్వాడు. తాత పోయి చాలా ఏళ్లయింది.

బాపు ఆ రోజు అడిగినదానికి నేను నిజం ఎప్పుడూ చెప్పలేదు. ఆయన మళ్లీ అడగలేదు. పైకప్పు చప్పుడు విని పొర విడిందని చెప్పగలిగిన మనిషికి, నా గొంతు విని తెలియకుండా ఉంటుందా? ఆ నాలుగు ప్లేడేల సంగతి అల్లుడికి చెప్పలేకపోయాను. ఇక్కడ రాసుకుంటున్నాను. అవును బాపూ, బరువు ఎక్కువేసింది నేనే.