పసిబిడ్డ తల ఆకారం - ఒత్తితే సరికానిది

పురిటి స్నానం చేయించే పెద్దవారు బిడ్డ తలను అరచేతులతో ఒత్తి గుండ్రంగా తీర్చడం మన ఇళ్లలో పాత అలవాటు. కాన్పులో సాగిన తల సాధారణంగా కొద్ది రోజులలో తనంతట తానే సర్దుకుంటుంది. ఘనత మాత్రం చేతులకు దక్కుతుంది. కొందరు బిడ్డలకు అలా సర్దుకోదు. వారి కోసమే ఈ నాలుగు మాటలు.

పుర్రె ఒకే ఎముక కాదు. పలకల వంటి ఎముకల నడుమ అతుకులు ఉంటాయి. మెదడు పెరిగేకొద్దీ అవి చోటిస్తాయి. ఏదైనా అతుకు ముందే పూడుకుపోతే తల మరో దిశలో సాగుతుంది. దీనిని క్రేనియోసినోస్టోసిస్ అంటాము. సుమారు 2,000-2,500 జననాలకు ఒకరిలో కనిపిస్తుంది. నడినెత్తి అతుకు పూడితే తల పడవలా పొడవవుతుంది. అరుదైన ఏపర్ట్ సిండ్రోమ్‌లో వేళ్లు కూడా అతుక్కొని పుడతాయి. దానికి కారణం జన్యువులోని మార్పు. గ్రహణమూ కాదు, తల్లి తప్పూ కాదు.

నేను ఉద్యోగంలో ఉండగా ఒక తల్లి పది నెలల బిడ్డను తెచ్చి, "మా అమ్మ రోజూ ఒత్తుతూనే ఉందండీ, తగ్గలేదు" అన్నది. అంతవరకు ఆమెకు చెప్పినవారు లేరు. పూడిన అతుకు ఒత్తిడికి విడదు. మూడు నాలుగు నెలలలోపు గుర్తిస్తే ఎండోస్కోపీతో చిన్న కోతలతోనే ఎముకను తొలగించి, తరువాత కొన్ని నెలలు హెల్మెట్ తొడిగించవచ్చు. ఆలస్యమైతే పుర్రె ఎముకలను విప్పి తిరిగి అమర్చే పెద్ద శస్త్రచికిత్స కావాలి. రక్తం కూడా ఎక్కించవలసి రావచ్చు. అశ్రద్ధ చేస్తే కొందరిలో మెదడుపై ఒత్తిడి పెరిగి చూపు దెబ్బతినవచ్చు.

కనుక 6, 10, 14 వారాల టీకాలకు వెళ్లినప్పుడు బిడ్డ తల చుట్టుకొలత కొలిపించండి. నెత్తిపై గట్టు తగిలినా, నుదురు ఒక పక్క అణగినా వెంటనే పిల్లల వైద్యునికి చూపించండి.