వనస్థలిపురం ఇండిపెండెంట్ ఇల్లు

హైదరాబాద్‌కు ఆగ్నేయ అంచున, విజయవాడ జాతీయ రహదారిని ఆనుకుని ఉన్న వనస్థలిపురం ఉద్యోగుల కుటుంబాలు స్థిరపడిన ప్రాంతం. ఇక్కడి పాత ఇండిపెండెంట్ ఇళ్లది దాదాపు ఒకే అమరిక. ప్రహరీ, గేటు, చిన్న వరండా, లోపల హాలు, రెండు పడక గదులు, వంటిల్లు, పూజకో మూల. మేడ మెట్లు ఇంటి బయటి నుంచే ఉంటాయి. అందువల్ల పై పోర్షన్ అద్దెకిచ్చినా, పెళ్లయిన కొడుకుకిచ్చినా ఎవరి రాకపోకలు వారివే. రిటైరైన వాళ్లకు ఆ అద్దె గొప్ప ఆసరా.

నల్లా నీళ్లు రోజంతా రావు. వచ్చినప్పుడు నేలకింది సంపులో పట్టి, మోటారుతో మేడ మీది ట్యాంకుకు ఎక్కిస్తారు. 2004 నుంచి నగరానికి వస్తున్న కృష్ణా జలాలకు పక్కనే ఉన్న సాహెబ్‌నగర్ రిజర్వాయర్ ఒక ముఖ్య కేంద్రం.

కూరగాయలకు రైతుబజారు, వైద్యానికి ప్రభుత్వ ఏరియా ఆసుపత్రి దగ్గర్లోనే ఉన్నాయి. 2018 సెప్టెంబరులో అమీర్‌పేట నుంచి దగ్గర్లోని ఎల్బీనగర్ వరకు మెట్రో మొదలయ్యాక నగరం నడిబొడ్డుకు ప్రయాణం తేలికైంది. ఇక్కడే ఉన్న ఒకప్పటి నిజాంల వేట అడవి 1975లో మహావీర్ హరిణ వనస్థలిగా మారి కృష్ణజింకలకు రక్షణనిస్తోంది. చుట్టూ కాంక్రీటు పెరుగుతున్న కొద్దీ ఈ పచ్చదనం విలువ పెరుగుతోంది.

ఇప్పుడు చాలా పాత ఇళ్లు కూల్చి అపార్ట్‌మెంట్లు కడుతున్నారు. దాంతో ప్రహరీ లోపలి కరివేపాకు, మామిడి, కొబ్బరి చెట్లూ, వాన ఇంకే మట్టినేలా పోతున్నాయి. కొత్త కట్టడాల్లో ఇంకుడు గుంత, కొంత ఖాళీ నేల తప్పక ఉండాలి.