జున్నుగాడి బ్యాగ్

‘‘దానికి బ్యాగేంట్రా, స్కూల్‌కి పంపుతున్నావా?’’ వీడియో కాల్‌లో జున్నుగాడిని చూసి అమ్మ పగలబడి నవ్వింది. ఆన్‌లైన్‌లో తెప్పించిన ఎర్ర బ్యాగ్ వేసుకుని వాడు కూడా హాల్లో హీరోలా తిరుగుతున్నాడు. నాకైతే అప్పటికే కళ్లముందు రీల్ కనిపిస్తోంది.

జున్ను మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో దొరికిన వీధికుక్క. ఇప్పుడు మూడేళ్లు, 18 కిలోలు. కోడింగ్ తప్ప లోకం తెలియని నన్ను రోజూ పొద్దున్నే బయటికి లాక్కెళ్లింది వాడే. అందుకే వాడితో ట్రెక్ చేయాలని తెగ ఉండేది. నల్లమలకి వెళ్దామనుకున్నాం కానీ టైగర్ రిజర్వుల్లోకి, అభయారణ్యాల్లోకి పెంపుడు కుక్కల్ని తీసుకెళ్లకూడదు. మన కుక్కల జబ్బులు అక్కడి జంతువులకు అంటుకునే ప్రమాదం ఉంది. దాంతో ఇద్దరు ఫ్రెండ్స్‌తో కలిసి మార్చిలో గండికోట బయల్దేరాం.

రాత్రంతా డ్రైవింగ్. పొద్దున టిఫిన్, ఫొటోలు అయ్యేసరికి పదకొండు. జున్ను బ్యాగ్‌లో రెండు నీళ్ల సీసాలు, వాడి తిండి, నా పవర్ బ్యాంక్... మూడున్నర కిలోలు కుక్కేశాను. వాడు అంతకుముందు ఖాళీ బ్యాగ్‌తో నడిచింది హాల్లోనే!

పెన్నా లోయ అంచున ఎర్రటి రాళ్ల మీద అరగంట నడిచామో లేదో వాడి తోక కిందికి దిగింది. ఒక బండ నీడలో కూలబడ్డాడు. ‘‘రారా, ఇంకొంచెమే’’ అని లీష్ లాగాను. లేచాడు. ఇప్పటికీ నన్ను గుచ్చేది అదే. చేతకాకపోయినా, నేను పిలిచానని లేచాడు.

ఇంకో పది నిమిషాలకి అడుగులు తడబడ్డాయి. చిక్కటి లాలాజలం కారుతోంది. మా ఫ్రెండ్ అన్నాడు: ‘‘ఒరేయ్, నువ్వోసారి బూట్లు విప్పి నిలబడు.’’ విప్పాను. మూడు సెకన్లు కూడా నిలబడలేకపోయాను.

తాగడానికి తెచ్చుకున్న నీళ్లన్నీ వాడి పొట్టమీద, పాదాల మీద పోశాం. వంతులవారీగా ఎత్తుకుని కారు దాకా తెచ్చి, ఏసీ పెట్టి దగ్గర్లోని టౌన్‌కి పరిగెత్తాం. పశువుల డాక్టర్ చూస్తే టెంపరేచర్ 105. మామూలుగా 102.5 దాటకూడదట. సెలైన్ పెడుతూ ఆయన తిట్టలేదు. ‘‘మనలా దీనికి ఒళ్లంతా చెమట పట్టదు బాబూ. రొప్పడమే దానికి ముఖ్యమైన దారి. నువ్వు ఆగితేనే ఇది ఆగుతుంది’’ అన్నాడంతే.

వాడి అరికాళ్లు మానడానికి మూడు వారాలు పట్టింది. ఆ తర్వాతే అసలు ప్రిపరేషన్ మొదలైంది.

ముందు డాక్టర్ చెకప్. యాంటీ రేబిస్, లెప్టో టీకాలు, పిడుదులు పట్టకుండా మందు. ఎముకలు పూర్తిగా ఎదగని పిల్లలకైతే బరువు అస్సలు వేయకూడదని, ఏడాదిన్నర దాకా ఆగడం మంచిదని డాక్టరే చెప్పారు. ఆ తర్వాత వారం రోజులు కాలనీలో ఖాళీ బ్యాగ్‌తో వాకింగ్. తర్వాత అరకిలో, కిలో. ఇప్పుడు వాడి బరువులో పదో వంతు, అంటే 1.8 కిలోలు దాటనివ్వను. రెండు జేబుల్లో బరువు సమానంగా ఉండాలి, అందుకే వంటింటి కాటా మీద తూస్తాను. బెల్టు కింద రెండు వేళ్లు పట్టాలి. ఆగిన ప్రతిసారీ బ్యాగ్ తీసేయాలి.

బూట్లు తొడిగిన మొదటిరోజు కాళ్లు ఎత్తెత్తి వేస్తూ కవాతు చేశాడు! వారానికి అలవాటయ్యాడు. అయినా ఏ బండ మీదైనా ముందు నా అరచేతి వెనుకభాగం ఆనిస్తాను. ఏడు సెకన్లు ఉంచలేకపోతే వాడు అక్కడ నడవడు.

మనం తినే ట్రయల్ మిక్స్ వాడికి పెట్టను. అందులోని ఎండుద్రాక్ష, చాక్లెట్ కుక్కలకి విషం. ఫస్ట్ ఎయిడ్‌లో బ్యాండేజీ, ముళ్లు తీసే ట్వీజర్ ఉంటాయి. మన పారాసిటమాల్, ఐబుప్రొఫెన్ మాత్రం వాడికి పొరపాటున కూడా వేయకూడదు. మెడలో నా ఫోన్ నంబర్ బిళ్ల, ఎప్పుడూ లీష్. మేకల మందలు, ఊరి కుక్కలు, పాములు ఎదురైతే వాడి తెలివి మీద ఆధారపడలేం కదా. వాడు చేసిన పాడు నేనే కవర్లో ఎత్తుకొస్తాను.

డిసెంబర్‌లో మళ్లీ అక్కడికే వెళ్లాం. ఈసారి చీకటి ఉండగానే నడక మొదలుపెట్టాం. ప్రతి ఇరవై నిమిషాలకీ ఆగి మడత గిన్నెలో నీళ్లు. అనుకున్న చోటు ఇంకో కిలోమీటర్ ఉందనగా జున్ను కూర్చున్నాడు. ఎండ లేదు, కాళ్లు బాగానే ఉన్నాయి. ఊరికే కూర్చున్నాడో, అలిసిపోయాడో తెలియదు. నేను అడగలేదు. బ్యాగ్ విప్పి నా భుజాన వేసుకుని వెనక్కి తిరిగాను. ఫ్రెండ్స్ ముందుకెళ్లి ఫొటోలు దిగారు. నాకు ఆ వ్యూ ఇంకా బాకీనే.

ఇప్పుడు అల్మరాలోంచి ఎర్ర బ్యాగ్ తీస్తే చాలు, వాడే పరిగెత్తుకొచ్చి తల దూరుస్తాడు. మార్చి నాటి ఎండ వాడు మర్చిపోయినట్టున్నాడు. నేను మాత్రం మర్చిపోకూడదు.